ఉచిత లాయరుతో ఏడాదిన్నర

"డబ్బు తీసుకోని లాయరు కేసు కూడా పట్టించుకోడే" అని మా పిన్ని ముందే హెచ్చరించింది. ఆమె మాట సగం నిజమైంది. మిగతా సగం కోసమే ఇది రాస్తున్నా.

నాది మనోవర్తి కేసు. ఆయన నన్నూ పాపనీ వదిలేసి వేరే ఊళ్లో ఉంటున్నాడు. నేను ఇంట్లోనే మిషన్ కుడతాను. బయట ఒక లాయరుగారు చెప్పిన ఫీజు విని మారు మాట్లాడకుండా లేచి వచ్చేశాను. జిల్లా కోర్టు ఆవరణలోనే ఉచితంగా లాయరును ఇచ్చే న్యాయసేవాధికార సంస్థ ఉంటుందని, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారని మా అంగన్‌వాడీ టీచర్ చెప్పింది.

రేషన్ కార్డు, ఆదాయ సర్టిఫికెట్ అన్నీ పట్టుకుని వెళ్లాను. సర్టిఫికెట్ కోసం రెండు రోజులు తిరిగాను, ఆ రెండు రోజులూ మిషన్ మూలనే ఉంది. అక్కడ కూర్చున్న వాలంటీరు వాటిని చూసి, "ఇవెందుకమ్మా? ఆడవాళ్లకి ఆదాయంతో పని లేదు" అన్నాడు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు ఎంత సంపాదిస్తున్నా ఉచితంగా లాయరును అడగొచ్చు. ఆదాయ పరిమితి చూసేది ఇలాంటి జాబితాలో లేనివాళ్లకే. ఇదంతా నా నెత్తి మీదే గోడకున్న బోర్డులో రాసుంది. నేనే తల ఎత్తి చూడలేదు.

దరఖాస్తు మీద ఏడు రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలని రూలు ఉందట. నాకు ఐదో రోజే ఫోన్ వచ్చింది. ఆఫీసు వరకూ అయితే అయిదుకి నాలుగున్నర మార్కులు కళ్లు మూసుకుని వేస్తాను.

మొదట ఇచ్చిన లాయరుకి మాత్రం ఒకటే. పేరెందుకులెండి. నేను చెప్పేది పూర్తిగా వినకుండానే పిటిషన్ రాయించేశారు, కొలతలు తీసుకోకుండా గుడ్డ కత్తిరించినట్టు. పాప వయసు కూడా తప్పే పడింది. మూడు వాయిదాల్లో రెండింటికి ఆయన రానేలేదు. జూనియర్ అబ్బాయి వచ్చి, ఇంకో తేదీ అడిగి వెళ్లిపోయాడు. పైగా గుమాస్తా "టైపింగుకీ జిరాక్సులకీ ఏదైనా చూడమ్మా" అంటే అయిదొందలు ఇచ్చాను. ఇవ్వకూడదని అప్పుడు తెలియదు. టైపింగు, కాపీలు, కోర్టు ఫీజు, అన్నీ ఉచిత సాయంలోకే వస్తాయి. లాయరుకి ఫీజు సంస్థే ఇస్తుంది, మన దగ్గర పైసా కూడా తీసుకోకూడదు. ఇది తెలిసేసరికి నా అయిదొందలు పోయాయి.

లాయరును మార్చమని అడగొచ్చన్న సంగతి కూడా ఆలస్యంగానే తెలిసింది. నన్నడిగితే ఈ సేవలో అసలైన భాగం అదే. ఎవరూ వాళ్లంతట వాళ్లు మనకు చెప్పరు. అడిగితే ఆయనకు కోపం వచ్చి కేసు పాడుచేస్తారేమోనని నెల రోజులు టెన్షన్ పడ్డాను. చివరికి ఒక అర్జీ రాసుకుని సంస్థ కార్యదర్శి దగ్గరికి వెళ్లాను. ఆవిడ జడ్జి. "ఏయే రోజులు రాలేదు?" అని అడిగారు. జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో ప్రతి వాయిదా తేదీ, ఎవరు వచ్చారు, ఏం జరిగింది అన్నీ రాసిపెట్టుకున్నాను. ఆ పుస్తకమే ఆవిడ ముందు పెట్టాను. చదివి, సంస్థ తరఫున కేసులు చూసే ప్యానెల్ లాయర్ల జాబితా నా చేతికిచ్చి, "వీళ్లలో ఎవరైనా కావాలా?" అన్నారు. అదే కోర్టులో ఎవరికో గట్టిగా వాదిస్తుండగా చూసిన ఒక లాయరమ్మ పేరు చూపించాను.

ఆమె మొదటి రోజే గంటసేపు కూర్చోబెట్టి అంతా విన్నారు. భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌లో చూపించాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మా ఆయన అఫిడవిట్‌లో రోజు కూలీనని రాశాడు. ఈమె అడిగింది ఒక్కటే: "మరి కారుకి నెలనెలా వాయిదా ఎవరు కడుతున్నారు?" ఆయన నోట మాట లేదు. కేసు తేలేవరకు ఇవ్వాల్సిన మధ్యంతర మనోవర్తికి ఆర్డరు వచ్చింది. నోటీసు అందిన అరవై రోజుల్లో అది తేల్చాలని చట్టంలో ఉంది, పక్కనే "వీలైనంతవరకు" అన్న మాటా ఉంది. మాకు వీలైంది ఏడు నెలలకి.

క్రిమినల్ కేసుల్లో ఇరుక్కున్నవాళ్లకి చాలా జిల్లాల్లో వేరే ఏర్పాటు ఉంది. 2022 నుంచి మొదలైన పద్ధతిలో, పూర్తికాలం ఇదే పని చేసే డిఫెన్స్ కౌన్సెల్, అంటే నిందితుల తరఫు లాయర్లు, ఉంటారు, వాళ్లు బయట కేసులు పట్టకూడదు. మా లాంటి కేసులకి ప్యానెల్ లాయర్లే దిక్కు. వాళ్లకి ఫీజు తక్కువ, సొంత కేసులు ఎక్కువ. మొదటి లాయరు తీరుకి అదీ ఒక కారణమేమో, అయినా మార్కు పెంచను.

రెండు నెలలుగా మళ్లీ డబ్బు రావడం లేదు. బాకీ పడిన ఏడాదిలోపే వసూలుకి పిటిషన్ వేయాలని లాయరమ్మ చెబితే మొన్న సోమవారం ఆఫీసుకి వెళ్లాను. వాలంటీరు నన్ను చూసి నవ్వుతూ, "ఆదాయ సర్టిఫికెట్ తెచ్చావా అమ్మా?" అన్నాడు.