రాక్ గార్డెన్ క్లబ్ అమ్మకాల్లో వేర్లు లేని మొక్కలు: కొనేముందు కుండీ అడుగు చూడండి

హైదరాబాద్‌లో రాక్ గార్డెన్ (రాళ్ల మధ్య మొక్కలు పెంచే తోట) పెంచుకుంటున్న మిత్రులందరికీ ఒక హెచ్చరిక. ఈ వానాకాలంలో నగరంలోని ఒక రాక్ గార్డెనింగ్ క్లబ్ పెట్టిన మొక్కల అమ్మకంలో కొన్న కాక్టస్‌లు, సక్యులెంట్లలో (ఒంట్లో నీళ్లు దాచుకునే మందపాటి ఆకుల మొక్కల్లో) చాలావాటికి అసలు వేర్లే లేవు. కుండీలోంచి తీస్తే కోసిన కాండం మొన తప్ప ఏమీ కనిపించలేదు. దాన్ని కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టులో) గుచ్చి, ఒరగకుండా పైన రంగు గులకరాళ్లు బంకతో అతికించి అమ్మారు. కొన్నవాళ్లలో చాలామంది నీళ్లు ఎక్కువ పోశామేమో అని తమనే తిట్టుకుంటున్నారు. తప్పు వాళ్లది కాదు. క్లబ్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే సరుకు, ఇదే పద్ధతి వేరే చోట్ల కూడా కనిపిస్తోంది కాబట్టి ఒక్క పేరు తెలుసుకుంటే సరిపోదు, మొక్కని చూసి పోల్చుకోవడం తెలియాలి.

మామూలుగా క్లబ్ అమ్మకం మీద మనకి నమ్మకం ఎందుకంటే, సభ్యులు తమ ఇంట్లో పెరిగిన మొక్కల పిలకలు, విత్తనం వేసి పెంచిన నారు తెస్తారు. మన ఎండకి, మన వానకి రెండు మూడేళ్లు తట్టుకున్న తల్లిమొక్క పిలక అంటే దానికి విలువ వేరు. ఇప్పుడు కొన్నిచోట్ల సభ్యుల మొక్కలు చాలక బల్లలు బయటి వ్యాపారులకి అద్దెకిస్తున్నారు. వాళ్లు చల్లటి ఊళ్ల నర్సరీల నుంచి, వేర్లు దులిపిన లేదా మొదలు కోసిన మొక్కల్ని అట్టపెట్టెల్లో తెప్పించి, అమ్మకానికి వారం ముందు కుండీల్లో దిగేస్తారు. బ్యానర్ క్లబ్‌ది, సరుకు ఎక్కడిదో ఎవరికీ తెలియదు. కాబట్టి ధర అడిగే ముందు అడగాల్సింది ఒకటుంది: ఈ మొక్కని కుండీలో పెట్టి ఎన్నాళ్లయింది? ఇంట్లో పెంచినవాళ్లు దీనికి తడుముకోకుండా జవాబు చెబుతారు.

కోకోపీట్ ఒకసారి బాగా తడిస్తే వానాకాలంలో వారం పది రోజులైనా ఆరదు. వేరున్న మొక్క ఆ తేమని తాగేస్తుంది. వేరు లేని ముక్కకి తాగే దారి లేదు, పైగా కోత ఆరి గట్టిపడకముందే తడిలో కూర్చోవడంతో కుళ్లు లోపలికి పాకుతుంది. కాక్టస్ ఒంట్లో నీళ్లు దాచుకుంటుంది గనుక వేరు లేకపోయినా నెల, ఒక్కోసారి రెండు నెలలు పచ్చగానే నిలబడుతుంది. మోసం ఆలస్యంగా బయటపడేది అందుకే. అడుగుభాగం మెత్తబడి, గోధుమరంగు తిరిగి, వేలితో తోస్తే పక్కకి పడిపోయే రోజుకి అమ్మినవాడి ఫోన్ పలకదు.

బల్ల దగ్గరే చేయదగ్గ పరీక్ష చాలా తేలిక. మొక్క మొదలు పట్టుకుని (ముళ్లుంటే మడిచిన కాగితంతో) నెమ్మదిగా పైకి లాగినట్టు చేయండి. వేరు పట్టిన మొక్కతో పాటు కుండీ కూడా లేస్తుంది. వేరు లేనిది వదులుగా ఊగుతుంది, లేదా రాళ్ల పలకతో సహా పైకి వస్తుంది. తర్వాత కుండీ తిప్పి అడుగు రంధ్రాల్లో చూడండి. తెల్లగానో లేత గోధుమరంగులోనో వేరు కొనలు కనిపిస్తే మంచిది. దూదిలాంటి తెల్లటి పొడి కనిపిస్తే అది పిండినల్లి అనే పురుగు, ఆ కుండీ ఇంటికి తెస్తే మిగతా కుండీలకీ పాకుతుంది. పైన రాళ్లని గోటితో కదపండి. విడిగా కదలాలి. పలకలా అతుక్కుని ఉంటే కింద ఏముందో చూపించమనండి. చూపించనంటే ఆ బల్ల వదిలేయండి. అతికించిన రాళ్లతో ఇంకో చిక్కు: నీళ్లు పోస్తే అంచున జారి కిందికి పోతాయి, మధ్యలో తడి చేరదు, చేరిన తడి ఆరదు.

కాక్టస్ నెత్తిన పువ్వు కూడా నమ్మకండి. చిన్న గుండు కాక్టస్ మీద ఎరుపు, పసుపు, గులాబీ రంగుల్లో కాగితంలా గరగరలాడే పువ్వు ఉంటే అది స్ట్రాఫ్లవర్, అంటే ఎండబెట్టిన వేరే జాతి పువ్వు. వేడి జిగురుతో అతికిస్తారు. ఈ పువ్వుకో గుణం ఉంది. తడి తగిలితే రేకులు ముడుచుకుంటాయి, ఆరితే విచ్చుకుంటాయి. ఇంటికి తెచ్చి పొద్దున ముడుచుకోవడం, మధ్యాహ్నం విప్పుకోవడం చూసి బతికున్న పువ్వే అనుకుంటారు. నిజమైన కాక్టస్ పువ్వు చాలా జాతుల్లో ఒకటి రెండు రోజుల నుంచి వారంలోపే వాడిపోతుంది, రేకులు పల్చగా పట్టులా ఉంటాయి, పువ్వు మొదలు మొక్క ఒంట్లోంచే వస్తుంది. అతికించిన పువ్వు మొదట్లో జిగురు బొట్టు కనిపిస్తుంది. పీకేస్తే మొక్క పెరిగే మొనే చీలిపోవచ్చు. అలాగే వదిలేసినా ఆ చోట పెరుగుదల ఆగి మచ్చ పడుతుంది.

ఎచెవేరియాలు, హవోర్థియాలు అనే సక్యులెంట్లలో ముదురు నీలం, బంగారు రంగువి స్ప్రే రంగు వేసినవి. నడిమి చిగురు విప్పి చూస్తే పచ్చగానే ఉంటుంది. రంగు ఆకుమీద వెలుతురుని ఆపేస్తుంది, పాత ఆకులు ఒక్కొక్కటే ఎండిపోతాయి.

ఎర్ర గుండు, పసుపు గుండు మూన్ కాక్టస్ విషయం వేరు. అది సహజమైన రంగే, కానీ ఆ గుండులో పత్రహరితం లేదు, సొంతంగా బతకలేదు. డ్రాగన్ ఫ్రూట్ జాతి మూడు పలకల కాండం మీద అంటు కట్టి అమ్ముతారు. తెలిసి కొనుక్కుంటే తప్పేం లేదు, కొన్నేళ్లు అందంగా ఉంటుంది. ఈ అమ్మకంలో మాత్రం అంటు నుంచి ఊడిన గుండ్లని ఉత్తినే మట్టిలో కూర్చోబెట్టి అమ్మారు. అవి ఎంత సాకినా బతకవు. మరికొన్నింట్లో అంటు కింది కాండాన్ని మట్టిలో పూర్తిగా పూడ్చి, గుండు సొంత వేరు మీద ఉన్నట్టు చూపించారు. పూడ్చిన కాండం కుళ్లితే పైగుండూ పోతుంది. రాళ్లు పక్కకి జరిపి, మెడ దగ్గర అంటు అతుకు కనిపిస్తోందా అని చూడాలి.

ఎక్కువ డబ్బు పోయేది అడీనియంలోనే (ఎడారి గులాబీ అంటారు, మొదలు దుంపలా ఉబ్బే పూలమొక్క). ముద్దరేకుల అడీనియం అంటు కట్టినది అని చెప్పి, మామూలు గింజమొక్క కొమ్మకి ఉత్తినే ప్లాస్టిక్ టేపు చుట్టి అంటు ధరకి అమ్మారు. టేపు కింద కోత గుర్తు ఉండాలి. వీ ఆకారంలో కోసి కట్టినదైతే ఏటవాలు గీత, అడ్డంగా కోసి కట్టినదైతే గుండ్రటి అంచు, పైకొమ్మ బెరడుకీ కింది బెరడుకీ కొద్దిగా తేడా. పువ్వు విచ్చి కనిపించకుండా రకం పేరుకి డబ్బు పెట్టకండి. నిజంగా అంటు కట్టినదే అయినా, అంటు కింద నుంచి వచ్చే చిగుళ్లు తీసేస్తూ ఉండకపోతే క్రమంగా అవే పెరిగి మామూలు సింగిల్ పువ్వే పూస్తుంది. నీలం అడీనియం ఫొటోలు రంగు మార్చినవి. ముద్దరేకుల రకం విత్తనాలు అని అమ్మే ప్యాకెట్లు కూడా వద్దు, విత్తనం నుంచి తల్లి రకం అచ్చంగా రాదు.

అడీనియం దుంపని బొటనవేలితో నొక్కి చూడండి. చుట్టూ ఒకేలా మెత్తగా, చర్మం ముడతలుగా ఉంటే దాహం, నీళ్లిస్తే కోలుకుంటుంది. ఒక్కచోటే మెత్తగా, చెమ్మగా, ముదురు రంగులో ఉంటే కుళ్లు. డిసెంబరు, జనవరిలో ఆకులు రాల్చడం దానికి మామూలే, ఆగస్టులో మోడుగా ఉంటే మాత్రం అడుగున ఏదో జరిగిందని అర్థం.

లితాప్స్ (గులకరాళ్లలా కనిపించే చిన్న సక్యులెంట్) రంగురంగుల విత్తనాల ప్యాకెట్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. లితాప్స్ విత్తనం దుమ్ములా ఉంటుంది. గసగసాలకన్నా పెద్ద గింజలిస్తే అవి వేరే ఏవో.

ఎచెవేరియాలు వేరుతో సహా దొరికినా ఆలోచించి కొనండి. ఊటీ, కాలింపాంగ్ చల్లదనంలో గులాబీ అంచులతో బిగుతుగా పెరిగిన మొక్క ఇక్కడ ఏప్రిల్, మే దాటడం కష్టం. సక్యులెంట్లలో చాలావరకు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి తీసుకుంటాయి. రాత్రి కూడా 28 డిగ్రీల దగ్గరే ఉంటే ఆ పని సరిగ్గా సాగదు, మొక్క పెరగడం మానేస్తుంది. అప్పుడు వేరు దగ్గర తడి ఉంటే కుళ్లిపోతుంది. హైదరాబాద్ బండల మధ్య నిలిచేవి కావాలంటే అడీనియం, కలబంద జాతులు, అగేవ్, సాన్సెవేరియా, యుఫోర్బియా మిలీ, స్తంభాల్లా పెరిగే సెరియస్ (Cereus) జాతి కాక్టస్‌లు తీసుకోండి. అమ్మేవాడు వీటిలో చాలావాటి గురించి చెప్పడు, ధర తక్కువ గనుక.

క్లబ్ వర్క్‌షాప్‌లో ఇచ్చిన రాక్ గార్డెన్ కిట్లదీ ఇదే వరస. అడుగున రంధ్రం లేని సిరామిక్ గిన్నె, అందులో ఒక అంగుళం గులకరాళ్లు, పైన కోకోపీట్, దాని మీద ఎచెవేరియా, హవోర్థియా, కాక్టస్ కలిపి ఐదు మొక్కలు. అడుగున రాళ్లు వేస్తే నీళ్లు దిగిపోతాయని వర్క్‌షాప్‌లో చెప్పారు. అది తప్పు. సన్నటి మట్టి కింద పెద్ద రాళ్లుంటే మట్టి పూర్తిగా నానేదాకా నీళ్లు కిందికి దిగవు, వేరు దగ్గరే ఆగుతాయి. దిగినవి బయటికి పోయే దారి లేదు. పైగా హవోర్థియాకి నీడ కావాలి, కాక్టస్‌కి ఎండ కావాలి. ఒకే గిన్నెలో ఏదో ఒకటి పోక తప్పదు. ఇప్పటికే కొని ఉంటే గిన్నెకి టైల్స్ డ్రిల్ బిట్‌తో 10 మి.మీ. రంధ్రం ఒకటి రెండు పెట్టించండి. తడి పెడుతూ, హ్యామర్ మోడ్ ఆపి వేస్తే పగలదు.

ఇంకొకటి, ఇది డబ్బు నష్టం కన్నా పెద్ద విషయం. ఒక బల్ల మీద ఆకులు నరికేసిన సైకాస్ (ఈతచెట్టులా కనిపించే మొక్క) మొద్దులు, తిరుమల కొండలవి అని చెప్పుకుంటూ మరీ అమ్మకానికి పెట్టారు. సైకాస్ బెడ్డోమి తిరుపతి, కడప వైపు కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న అతికొద్ది మొక్కల్లో అదొకటి, అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందంలో మొదటి అనుబంధంలో ఉంది. అడవి నుంచి పెకలించినది అమ్మడమే కాదు, కొనడమూ నేరమే. నర్సరీల్లో దొరికే సాగో పామ్ వేరే జాతి, దానికి ఈ చిక్కు లేదు. బండల మధ్య ముళ్లపొదల నీడన పెరిగే మన కుందేటి కొమ్ములు (కారల్లుమా అనే సక్యులెంట్) కూడా గంపల్లో తెచ్చి అమ్ముతున్నారు. నిప్పుకి నల్లబడిన మొదలు, గొడ్డలి గాటు, తెగిన తల్లివేరు, వేళ్ల మధ్య ఎర్ర గరుసు మట్టి, ఏ రెండూ ఒక సైజులో లేని మొక్కలు: ఇవి అడవి నుంచి తవ్వి తెచ్చిన సరుకు గుర్తులు. విదేశీ కాక్టస్‌లకీ ఈ దొంగతనం ఉంది. 2020లో ఇటలీలో పట్టుబడిన చిలీ కాక్టస్‌లు వెయ్యికి పైనే, వాటిలో వందల మొక్కల్ని తిరిగి చిలీ పంపాల్సివచ్చింది. కాక్టస్ కుటుంబం దాదాపు మొత్తం సైటిస్ జాబితాలో ఉంది కాబట్టి, దిగుమతి మొక్క అని గొప్పగా చెబితే అనుమతి పత్రం, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకి తెగుళ్లు లేవనే ధ్రువపత్రం) చూపించమని అడగండి.

ఇప్పటికే ఆ అమ్మకంలో కొన్నవాళ్లు ఆగకుండా చేయాల్సింది ఇది. కుండీని పాత మొక్కలకి దూరంగా పెట్టండి. రాళ్లు అతికించి ఉంటే కుండీని గోరువెచ్చటి నీళ్లలో అరగంట ఉంచండి, చాలా జిగుర్లు మెత్తబడతాయి. లాగేయకండి. మొక్కని బయటికి తీసి కోకోపీట్ మొత్తం కడిగేయండి. వేరు చుట్టూ సన్నటి వలగుడ్డ ఉంటే కత్తిరించి తీసేయాలి, అది వేరుని బయటికి పోనివ్వదు.

వేరు బాగుంటే మూడు రోజులు నీడలో ఆరబెట్టి నాటండి. వేరు లేకపోతే, కుళ్లు ఉంటే, పదునైన కత్తితో అడుగు నుంచి కొద్దికొద్దిగా పైకి కోసుకుంటూ రండి. ప్రతి కోతకీ కత్తిని సర్జికల్ స్పిరిట్‌తో తుడవాలి. కోసిన ముఖం మధ్యలో వలయం ఉంటుంది. అందులో ఒక్క గోధుమరంగు చుక్క ఉన్నా కుళ్లు ఇంకా పైకి ఉన్నట్టే, ఇంకో ముక్క కోయండి. శుభ్రంగా లేతపచ్చగా వచ్చాక గంధకం పొడి అద్ది, లావు కాక్టస్ అయితే పది రోజులు, సన్న సక్యులెంట్ అయితే నాలుగైదు రోజులు గాలి తగిలే నీడలో ఉంచండి. పిండినల్లి ఉంటే పైభాగాన్ని స్పిరిట్ ముంచిన దూదితో తుడవండి. వేరుకి పట్టిందైతే ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్. మందు లీటరు నీటికి అర మి.లీ. కలిపి, చేతికి గ్లవ్స్ వేసుకుని, వేర్లు పది నిమిషాలు ముంచి ఆరబెట్టండి. ఎచెవేరియా మీద వేపనూనె కొట్టకండి, ఆకు మీది తెల్లపూత పోతే తిరిగి రాదు.

మట్టి మిశ్రమం: 3 నుంచి 6 మి.మీ. గ్రానైట్ చిప్స్ లేదా ఇటుక ముక్కలు రెండు పాళ్లు, కడిగిన ఏటి ఇసుక ఒక పాలు, ఎర్రమట్టి ఒక పాలు, వర్మీకంపోస్ట్ అర పాలు. ఏటి ఇసుక దొరక్క రోబో శాండ్ (బండరాయిని పొడి చేసిన ఇసుక) వాడితే జల్లెడ పట్టి దుమ్ము పూర్తిగా తీసేయండి, లేదంటే అది సిమెంటులా గడ్డకడుతుంది. కుండీ మొక్క కన్నా రెండు వేళ్ల వెడల్పు ఎక్కువుంటే చాలు. పొడి మిశ్రమంలోనే నాటి, వాన తగలని చోట పెట్టి, వేరున్నదానికి వారం తర్వాత మొదటి నీళ్లు. వేరు లేనిదానికి రెండు వారాల తర్వాత అంచున కొద్దిగా తడపండి. కదిపి చూడాలనే ఆత్రం ఆపుకోండి, కొత్త వేరు అప్పుడే తెగిపోతుంది. చాలావాటికి వేరు రావడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది.

డబ్బు సంగతి: కుండీలోంచి తీసేముందు, తీస్తున్నప్పుడు, తీశాక ఫొటోలు, చిన్న వీడియో తీసి పెట్టుకోండి. యూపీఐ రసీదు, బల్ల నంబరు జత చేసి ముందు నిర్వాహకులకే రాతపూర్వకంగా పంపండి. బల్ల అద్దె తీసుకున్నది వాళ్లే. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయవచ్చు. ముందస్తు బుకింగ్ పేరుతో డబ్బు తీసుకుని మొక్కలే ఇవ్వకుండా నంబరు బ్లాక్ చేసినట్టయితే అది ఆన్‌లైన్ మోసం, ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అడవి సైకాస్ కనిపిస్తే ఫొటోతో అటవీ శాఖకి చెప్పండి. మళ్లీ అమ్మకం పెడుతున్నామని క్లబ్ పిలిస్తే, ప్రతి కుండీ మీద శాస్త్రీయ నామం, గింజ నుంచా పిలక నుంచా అంటా అనేది, కుండీలో పెట్టిన నెల రాసిన చీటీ ఉంటేనే వస్తామని గ్రూపులో అందరూ కలిసి అడగండి.