విదేశీ ఒప్పందాలను చదివిపెట్టే ఒక న్యాయవాద కార్యాలయం: సమీక్ష

మందుల ముడిసరుకు ఎగుమతి కోసం సింగపూర్ సంస్థతో చేసుకోబోయే ఒప్పందాన్ని, సంతకానికి ముందు, హైదరాబాద్ హైకోర్టు సమీపంలోని ఒక చిన్న న్యాయవాద కార్యాలయానికి పరిశీలనకు ఇచ్చాము. ధర, గడువు, నాణ్యత ఎవరైనా చూస్తారు. వీరు మాత్రం చివరి పేజీలో ఎవరూ పట్టించుకోని వివాద పరిష్కార నిబంధనతోనే మొదలుపెట్టారు.

అక్కడి సీనియర్ న్యాయవాది చెప్పిన ఉదాహరణ మన ఊరిదే. సత్యం కంప్యూటర్స్, అమెరికాకు చెందిన వెంచర్ గ్లోబల్ సగం సగం వాటాలతో ఇక్కడ ఒక కంపెనీ పెట్టాయి. తగవు వచ్చాక, వెంచర్ గ్లోబల్ తన వాటాలను సత్యానికి బదలాయించాలని 2006 ఏప్రిల్‌లో లండన్ ఆర్బిట్రేటర్ (కోర్టు బయట తగవు తీర్చే మధ్యవర్తి) అవార్డు, అంటే తన తీర్పు, ఇచ్చారు. దాన్ని ఇక్కడ సవాలు చేయడం చెల్లదని సికింద్రాబాద్‌లోని సివిల్ కోర్టు తేల్చగా, 2007 ఫిబ్రవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సమర్థించింది. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, ఇక్కడ సవాలు చేయవచ్చని చెప్పింది. తిరిగి 2012 సెప్టెంబర్ 6న బాల్కో (భారత్ అల్యూమినియం కంపెనీ) కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, సీటు (ఆర్బిట్రేషన్ చట్టపరంగా ఏ చోటి కోర్టుల పరిధిలో ఉంటుందో ఆ స్థానం) విదేశంలో ఉన్న అవార్డును రద్దు చేసే అధికారం మన కోర్టులకు లేదని చెప్పి, ఆ తేదీ తర్వాత కుదిరే ఒప్పందాలకు దాన్ని వర్తింపజేసింది. హైకోర్టు 2007లో చేరిన ముగింపే చివరికి నిలబడిందని నా అభిప్రాయం.

ఈ చరిత్ర మాకెందుకో వెంటనే అర్థమైంది. ముసాయిదాలో ‘ఆర్బిట్రేషన్ సింగపూర్‌లో’ అన్న ఒక్క ముక్క కింద ఆయన పెన్సిలుతో గీత గీసి, వాదనలు వినే చోటు, చట్టపరమైన సీటు ఒకటి కావని చెప్పి రెండింటినీ విడివిడిగా రాయించారు. సీటు హైదరాబాద్ అయితే, ఎదుటి పక్షం విదేశీ సంస్థ కాబట్టి, అవార్డుపై సవాలు హైకోర్టుకే వెళ్తుంది. అయితే కొనుగోలుదారు ఆస్తులు సింగపూర్‌లోనే ఉన్నందున, మనం గెలిచినా 1958 నాటి న్యూయార్క్ ఒప్పందం (ఒక దేశంలో వచ్చిన అవార్డును మరో దేశంలో అమలు చేయించే అంతర్జాతీయ ఒప్పందం) కింద అక్కడి కోర్టులోనే వసూలు చేసుకోవాలని కూడా దాచకుండా చెప్పారు.

లోపం ఒక్కటే, కానీ చిన్నది కాదు: నివేదిక మొత్తం ఇంగ్లిషులోనే ఉంది, మా భాగస్వామి కోసం తెలుగులో ఒక పేజీ అడిగితే కుదరదన్నారు. ఫీజు కాస్త ఎక్కువే అయినా పనికి తగినదే. వెళ్లేవారు ముసాయిదాతో పాటు పర్చేజ్ ఆర్డర్లు, పాత ఈమెయిళ్లు, కొనుగోలుదారు సంస్థ రిజిస్ట్రేషన్ పత్రం పట్టుకెళ్తే మొదటి సమావేశంలోనే చాలా పని తెములుతుంది.