కోవెంట్రీ కెథడ్రల్ శిథిలాలు: యుద్ధం మధ్యలో క్షమను కోరిన మతగురువు

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నగరంలో సెయింట్ మైకేల్ కెథడ్రల్‌ను (ప్రధాన చర్చిని) చూడబోయేవారు ముందుగా కొత్త ఆలయంలోకి వెళ్లకుండా, దాని పక్కనే పైకప్పు లేకుండా నిలిచిన పాత గోడల మధ్యకు వెళ్లాలని నా సూచన. 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ విమానాల దాడిలో నగరంలో 500 మందికి పైగా మరణించారు, ఈ ఆలయమూ కాలిపోయింది. ప్రొవోస్ట్ హోదాలో ఆలయ బాధ్యత వహిస్తున్న రిచర్డ్ హోవర్డ్ ఆ రాత్రి మరో ముగ్గురితో కలిసి, చేతనైనంతవరకు నిప్పుబాంబులను ఆర్పుతూ ఇక్కడే ఉన్నారు.

ఆ తరువాత ఆయన తీసుకున్న వైఖరి కోసమే ఈ స్థలాన్ని చూడాలి. అదే ఏడాది క్రిస్మస్ నాడు ఈ శిథిలాల నుంచి బీబీసీ రేడియోలో మాట్లాడుతూ, పగ తీర్చుకోవాలనే ఆలోచనను మనసులోకి రానీయవద్దని ఆయన శ్రోతలను కోరారు. గెలుపోటములు తేలకముందే, ఇళ్లు కోల్పోయిన జనం ఎదుట, ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఈ గోడల మధ్య నిలబడితే నాకు అర్థమైంది. బలిపీఠం వెనుక గోడపై యుద్ధానంతరం "తండ్రీ, క్షమించుము" అని చెక్కించారు. సిలువపై క్రీస్తు చేసిన ప్రార్థనలోని "వీరిని" ఇక్కడ లేదు, ఎందుకంటే పాపం శత్రువు ఒక్కడిదే కాదని హోవర్డ్ నమ్మారు. ఆయన పిలుపు జర్మన్ నగరాలపై బ్రిటిష్ బాంబుదాడులను ఆపలేకపోయిందన్నది కూడా నిజమే. అయినా కాలిన పాత పైకప్పు మేకులతో మొదలుపెట్టి, సయోధ్యకు గుర్తుగా చేసిన మేకుల సిలువలు తరువాత జర్మనీలోని కీల్, బెర్లిన్, డ్రెస్డెన్ నగరాల ఆలయాలకు చేరాయి.

శిథిలాలలోని బలిపీఠం వద్ద కాలిన పైకప్పు దూలాలతో కట్టిన పెద్ద సిలువ కూడా కనిపిస్తుంది, కానీ అది నమూనా, అసలుది ఇప్పుడు కొత్త ఆలయంలో ఉంది. బేసిల్ స్పెన్స్ రూపకల్పనలో 1962లో ప్రతిష్ఠితమైన ఆ కొత్త కట్టడం కూడా చూడదగినదే. నేను వెళ్లిన ఒక పర్యటన సంస్థ బృందానికి శిథిలాల వద్ద చాలా తక్కువ సమయం ఇచ్చారు, అందుకని సొంతంగా వెళ్లడమే మంచిది. బర్మింగ్‌హామ్ నుంచి రైలులో సుమారు అరగంట ప్రయాణం. శుక్రవారం మధ్యాహ్నం 12 గంటలకు శిథిలాలలో జరిగే సయోధ్య ప్రార్థనకు అందేలా బయలుదేరండి.