శీతాకాలంలో ఇంటి పైకప్పు మార్పిడి: మాంచెస్టర్‌లో ఒక రూఫింగ్ సంస్థ పనితీరు

2024 నవంబరు, డిసెంబరు నెలల్లో మా ఇంటి పైకప్పును పూర్తిగా విప్పి కొత్తగా వేసిన ఒక స్థానిక సంస్థ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. మెచ్చుకోళ్లతో పాటు కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నందువల్ల సంస్థ పేరు రాయడం లేదు. బ్రిటన్‌లో ఒక గోడ పక్కింటితో కలిసి ఉండే 1930ల నాటి సెమీ డిటాచ్డ్ ఇళ్లు కొనుక్కున్న తెలుగువారికి ఇటువంటి పని ఎప్పుడో ఒకప్పుడు తప్పదు కనుక, పెంకుల నాణ్యత కన్నా వాతావరణం విషయంలో వాళ్లు చూపిన ముందుచూపు గురించే ఎక్కువగా చెబుతాను. చలికాలంలో రూఫర్‌ను (పైకప్పు పనివారిని) ఎంచుకోవడానికి నా దృష్టిలో అంతకు మించిన కొలబద్ద లేదు.

మన కోస్తా ఊళ్లలో పెంకుటిల్లు ఉన్నవారు తొలకరికి ముందు, ఎండలు మండే రోజుల్లోనే పెంకు సర్దించుకుంటారు. మాంచెస్టర్‌లో అలా నమ్ముకోదగిన నెల ఏదీ లేదు. వేసవిలోనూ జల్లులు తప్పవు, పైగా పేరున్న రూఫర్లు వేసవి తేదీలను నెలల ముందే ఇచ్చేసుకుంటారు. శీతాకాలంలో మనుషులు త్వరగా దొరుకుతారు, పగలే దొరకదు. డిసెంబరు మధ్యలో ఇక్కడ ఉదయం ఎనిమిది దాటాక గానీ తెల్లవారదు, సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు వాలుతుంది. మా వెనుక పడకగది పైకప్పులో తడి మరక నానాటికీ పెరుగుతుండడంతో వసంతం దాకా ఆగే వీలు లేకపోయింది.

చూడడానికి వచ్చిన మేస్త్రీ నిచ్చెన మీద చూరు దాకా ఎక్కి, అంచు వరుసలోని ఒక రోజ్‌మేరీ పెంకును (చిన్న మట్టి పెంకును) ఊడదీసి, బొటనవేలితో నొక్కి చూపించారు. నీరు పీల్చిన మట్టి గడ్డకట్టి కరిగి, మళ్లీ గడ్డకట్టి కరిగిన కారణంగా పెంకు ముఖం పొరలు పొరలుగా ఊడి ఆయన అరచేతిలో రాలింది. తరువాత అటక ఎక్కి, లైటు ఆర్పించి, పెంకుల సందుల్లోంచి కనిపిస్తున్న వెలుతురును చూపించారు. ఆ కాలపు ఇళ్లలో చాలా వాటికి పెంకుల కింద ఫెల్ట్ (వాన నీటిని ఆపే పొర) ఉండదు, మాదీ అంతే. అంటే పెంకు తీసిన మరుక్షణం పడకగది సీలింగుకూ ఆకాశానికీ మధ్య ఏమీ మిగలదు. సుమారు 265 మిల్లీమీటర్ల పొడవు, 165 మిల్లీమీటర్ల వెడల్పు ఉండే ఈ చిన్న పెంకులు చదరపు మీటరుకు అరవై దాకా పడతాయి కాబట్టి, తీయడమూ వేయడమూ రెండూ నెమ్మదిగా సాగే పనులే.

అందువల్ల ఆయన ఇచ్చిన కొటేషన్‌లో నన్ను ఆకట్టుకున్నది మొత్తం ధర కాదు, ఒక పేరా. ఏ రోజు విప్పిన భాగం మీద ఆ రోజే చీకటి పడేలోగా బ్రీతబుల్ మెంబ్రేన్ (వానను ఆపి, లోపలి ఆవిరిని బయటికి పోనిచ్చే పొర) పరిచి, దాని మీద చెక్క బద్దెలు కొట్టి తీరుతామని, అందుకు వీలుపడదనుకున్న రోజున ఒక్క పెంకు కూడా కదపబోమని అందులో రాసి ఉంది. కొత్త పెంకులు ఆలస్యమైనా ఫర్వాలేదు, బద్దెలతో బిగించిన మెంబ్రేన్ కొన్నాళ్లపాటు వానను ఆపుతుంది. మెంబ్రేన్ లేకుండా టార్పాలిన్ మాత్రమే కప్పి వెళ్లిపోతే మాత్రం ఒక్క రాత్రి గాలి చాలు. మరో సంస్థ ఇంటి మొత్తం మీద స్కాఫోల్డింగ్‌తో (గొట్టాల పరంజాతో) తాత్కాలిక కప్పు వేయాలని చెప్పి, దానికే కొన్ని వేల పౌండ్లు అదనంగా అడిగింది. వాసాలను కూడా మార్చాల్సిన ఇంటికో, అటకను గదిగా మార్చే లాఫ్ట్ కన్వర్షన్‌కో ఆ ఖర్చు సమంజసమే కానీ, రెండు వాలులు మాత్రమే ఉన్న మామూలు సెమీకి అనవసరమని ఈ మేస్త్రీ చెప్పిన మాట నిజమే అయింది.

రోజూ ఉదయం ఏడు గంటలకు ఆ రోజు విప్పుతారో లేదో మెసేజ్ వచ్చేది. బ్రిటన్ వాతావరణ సంస్థ మెట్ ఆఫీస్ సూచనలో వాన అవకాశం కన్నా ముందు ఆయన గాలి విసురును చూసేవారు, సగటు వేగాన్ని కాదు. సన్నజల్లులో పెంకు వేయవచ్చు గానీ, ఒక్కసారిగా విసిరే గాలిలో విప్పిన మెంబ్రేన్ చుట్టను పట్టుకోవడం మనిషి వల్ల కాదని ఆయన వివరణ. నవంబరు 23న బెర్ట్ తుపాను వచ్చేసరికి ముందు వాలు అప్పటికే మూసి ఉంది. అసలు పరీక్ష డిసెంబరు మొదటి వారంలో ఎదురైంది. డిసెంబరు 5, గురువారం నాడు మెట్ ఆఫీస్ డారా తుపానుకు పేరు పెట్టింది. వెనుక వాలులో సగం మిగిలి ఉంది, శుక్రవారం ఉదయం ఆకాశం కూడా పనికి అనుకూలంగానే కనిపించింది. అయినా ఆయన కొత్తగా విప్పలేదు. ఆ పూటంతా అప్పటిదాకా వేసిన బద్దెల అంచులను, మెంబ్రేన్ అతుకులను సరిచూసి, స్కాఫోల్డింగ్ మీద విడిగా పడి ఉన్న పెంకులన్నిటినీ కిందికి దింపించారు. శనివారం వేల్స్‌లోనూ, బ్రిస్టల్ ఛానల్ తీరంలోనూ అత్యంత తీవ్రమైన రెడ్ వార్నింగ్ అమలైంది, మా పక్కనున్న లివర్‌పూల్‌లో ఎవర్టన్, లివర్‌పూల్ జట్ల ఫుట్‌బాల్ మ్యాచ్‌నే వాయిదా వేశారు. మా అటకలోకి చుక్క నీరు రాలేదు. శుక్రవారం ఆయన ఊరికే జాగ్రత్తపడుతున్నారని లోలోపల విసుక్కున్న మా ఇంట్లోవాళ్లు ఆ తరువాత ఆ ఊసు ఎత్తలేదు.

రెండు వాలులూ పైన కలిసే నడికొప్పు విషయంలోనూ చలిని లెక్కలోకి తీసుకున్నారు. సిమెంటు మోర్టార్ ఆరకముందే గడ్డకడితే పటుత్వం పోతుంది కనుక, ఉష్ణోగ్రత మూడు డిగ్రీలకు పడిపోతున్నప్పుడు ఆ పని పెట్టుకోకూడదు. వీళ్లు మోర్టార్ లేకుండా స్క్రూలు, క్లిప్పులతో బిగించే డ్రై రిడ్జ్ పద్ధతి వాడారు. మోర్టార్ ఒక్కదానినే నమ్ముకోకుండా నడికొప్పు పెంకులను మేకులతోనో స్క్రూలతోనో కూడా బిగించాలని పెంకు పనులకు సంబంధించిన బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5534 2014 సవరణ నుంచి చెబుతూనే ఉంది, కాబట్టి ఇది చలికోసం చేసిన సర్దుబాటు మాత్రమే కాదు. చిమ్నీ చుట్టూ సీసపు రేకు పని శుభ్రంగా ఉంది. పక్కింటివారి పాత పెంకు, మా కొత్త పెంకు కలిసేచోట నీరు పారడానికి సన్నని కాలువలాంటి బాండింగ్ గట్టర్ వేసి, వారి వైపు వరుస కదలకుండా ముగించిన తీరు ప్రత్యేకంగా మెచ్చుకోదగినది.

ఇక ఫిర్యాదులు. స్కాఫోల్డింగ్ వీళ్లది కాదు, వేరే కాంట్రాక్టరుది. నిర్ణీత వారాలు దాటితే వారానికి ఇంత అని అద్దె పడుతుందన్న సంగతి కొటేషన్‌లో చిన్న అక్షరాల్లో ఉంది. తుపాన్ల వల్ల పోయిన రోజులకు ఆ అద్దె నేనే కట్టాల్సి వచ్చింది, పైగా క్రిస్మస్ సెలవుల పేరుతో దాన్ని విప్పడానికి జనవరి దాకా ఎవరూ రాలేదు. వాతావరణం వల్ల కలిగే ఆలస్యాన్ని ఎవరు భరించాలో సంతకానికి ముందే తేల్చుకోవడం మంచిది. అలాగే, పెంకులు విప్పేటప్పుడు దశాబ్దాల మసి అటకలోకి రాలుతుందని ముందుగా హెచ్చరించలేదు. అక్కడ దాచిన బొమ్మల కొలువు పెట్టెలను తుడుచుకోవడానికి మా ఆవిడకు ఒక వారాంతం పట్టింది. ఉదయం మెసేజ్ తప్ప మిగతా వేళల్లో ఫోన్‌కు జవాబు దొరకడం కష్టమే.

కాగితాల విషయంలో మాత్రం లోటు చేయలేదు. సగానికి మించి పైకప్పు మారిస్తే బిల్డింగ్ కంట్రోల్ (నిర్మాణ నిబంధనల తనిఖీ) ఆమోదంతో పాటు ఇన్సులేషన్ మెరుగుదల కూడా అవసరమవుతుంది. తమ పనిని తామే ధ్రువీకరించుకునే అనుమతి ఉన్న పథకంలో సభ్యులు కావడం వల్ల ఆ ధ్రువపత్రం వాళ్లే ఇచ్చారు. గబ్బిలాల గూటిని కదిలిస్తే నేరం కనుక, విప్పడానికి ముందు అటకలో వాటి రెట్టల జాడ కోసం వెతికారు. మొత్తం ఖర్చు 20 శాతం వ్యాట్ పన్నుతో కలిపి 14,000 పౌండ్లకు కాస్త అటూ ఇటూ అయింది. వచ్చిన కొటేషన్లలో ఇది మధ్య రకం. అన్నిటికన్నా తక్కువగా కనిపించినదానిలో వ్యాట్ కలపనే లేదు.

గ్యారేజీ మీది చదును కప్పును కూడా ఫైబర్‌గ్లాస్‌తో అప్పుడే చేయించాలని అడిగాను. ఐదు డిగ్రీల లోపు రెసిన్ సరిగా గట్టిపడదని, కింది చెక్క తడిగా ఉంటే పట్టు నిలవదని చెప్పి, చేతికొచ్చిన పనిని ఆయనే ఏప్రిల్‌కు వాయిదా వేశారు. అప్పటికి ధర పెంచబోమని రాసి ఇచ్చారు, స్కాఫోల్డింగ్ అవసరం లేని పని కనుక ఈసారి అద్దె తగాదా కూడా ఉండదు.