ఇంజెక్టర్ సీళ్లు: కారేదానికే మార్చాలా, అన్నింటికీనా?

స్టార్ట్ చేయగానే ఇంజిన్ పైనుంచి "చఫ్ చఫ్"మని చప్పుడు, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ మొదట్లో తారులాంటి నల్లటి మడ్డి. దాని అడుగున సీలుగా ఉండే రాగి వాషర్ పోయినట్టే. ట్రక్కును ఇంట్లోనే విప్పుదామనుకున్నాక తేల్చుకోవాల్సింది ఇదే.

ఒక్కదానికే అయితే పని తక్కువ, దుమ్ము లోపల పడే భయమూ తక్కువే. అన్నీ తీయబోతే, మసిపట్టి బిగుసుకున్నది ఒక్కటి తగిలినా రోజంతా పోతుంది. పైగా కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే హై ప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ అందే పద్ధతి) ఇంజెక్టర్లలో చాలావాటికి విడి కోడ్ ఉంటుంది. ఏది ఏ సిలిండర్‌దో రాసిపెట్టుకోకపోతే తర్వాత ఇంజిన్ కుదురుగా నడవదు.

అయినా బాగా తిరిగిన బండికి నా ఓటు మొత్తం మార్చడానికే. మిగతా వాషర్ల వయసూ అదే కదా! కొన్ని ఇంజిన్లలో ఇంజెక్టర్లు వాల్వ్ కవర్ కిందే ఉంటాయి. అక్కడ ఓ-రింగ్ (ఇంజెక్టర్ చుట్టూ ఉండే రబ్బరు సీలు) పోతే బయటికి చుక్క కనపడదు, డీజిల్ ఆయిల్లో కలిసి లెవెల్ పెరుగుతుంది.

ఏ దారైనా అసలు పని సీటు (వాషర్ కూర్చునే చోటు) దగ్గరే. పాత వాషర్ తరచూ అడుగున అతుక్కుని ఉండిపోతుంది. చూడకుండా దానిమీదే కొత్తది వేస్తే మళ్లీ లీకే. గీకేముందు నాజిల్ రంధ్రానికి గ్రీజు పూసిన గుడ్డ కుక్కండి, లేకపోతే మసి సిలిండర్‌లోకి జారుతుంది. గుడ్డ తీయడం మర్చిపోయేరు!

ఇంజిన్ నడుస్తుండగా మాత్రం హై ప్రెషర్ పైపు వదులు చేయొద్దు. 1000 బార్ ఒత్తిడి దాటిన డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.