ఎ వాంపైర్ స్టోరీ: మూడుసార్లు ఆడాక

2008లో వచ్చిన ‘ఎ వాంపైర్ స్టోరీ’ని ఇప్పటికి మూడుసార్లు పూర్తిచేశాను. ‘పూర్తి’ అనే మాట ఈ గేమ్‌కి వాడొచ్చో లేదో తర్వాత చెప్తాను.

మౌస్‌తో క్లిక్ చేస్తూ ఆడే పాతకాలపు అడ్వెంచర్ గేమ్ ఇది. కాల్పులు, పరుగులు ఉండవు. కథానాయిక మోనాకు ప్యారిస్‌లో ఒపెరా పాడాలని కల. ష్రౌడీ అనే బ్యారన్ ఆమెను వాంపైర్‌గా, అంటే రాత్రిళ్లు తిరుగుతూ రక్తం తాగే పిశాచిగా మార్చి, డ్రాక్సిల్వేనియా అనే కల్పిత దేశంలో తన కోటలో బంధిస్తాడు. అతను చచ్చాక ఆమె ఇంటిదారి పట్టాలి. తోడుగా ఫ్రోడెరిక్ అని ఒక వాగుడుకాయ గబ్బిలం. ఇంతకీ తాను వాంపైర్‌నని మోనా ఒప్పుకోదు. తాగుతున్నది రెడ్ వైనే అనుకుంటుంది!

నాకు బాగా నచ్చింది సంచీ సంగతి. ఇలాంటి గేముల్లో హీరో నిచ్చెనలూ గునపాలూ అన్నీ జేబులో కుక్కుకుని తిరుగుతాడు. ఇక్కడ అలా కాదు. ఇప్పుడు అక్కర్లేని వస్తువును, మోయలేని వస్తువును మోనా ఊరికే గుర్తుపెట్టుకుంటుంది. సంచీలో దాని నీడలాంటి బొమ్మ మాత్రం పడుతుంది. దాన్ని సరైన చోట వాడితే, తనే వెళ్లి అసలు వస్తువు తెచ్చుకుంటుంది. మా అవ్వ అచ్చం ఇంతే. నిచ్చెన ఎవరింట్లో ఉంది, పెద్ద గుండిగ ఎవరు తీసుకెళ్లారు, అన్నీ తలలోనే. పని పడితే నన్ను పంపేది. మొదటిసారి ఆడినప్పుడు ఈ కిటుకు అర్థంకాక, వస్తువు చేతికి రాలేదని ఒకే గదిలో రెండు రాత్రులు తిరిగాను.

బొమ్మలు గొప్పవి. 1997 నాటి మంకీ ఐలాండ్ అనే అడ్వెంచర్ గేమ్ మూడో భాగానికి బ్యాక్‌గ్రౌండ్లు గీసిన బిల్ టిల్లరే దీని సృష్టికర్త. తిరుపతిలో కొర్లగుంట రూములో లైటు ఆపేసి ఆడుతుంటే ఆ నీలం, ఊదా రంగుల రాత్రి గోడల మీదకు పాకేది. గుడి మైకులో సుప్రభాతం మొదలయ్యాక నేనూ మోనాలాగే దుప్పటి ముసుగేసేవాణ్ణి. “రాత్రంతా ఆ గబ్బిలంతో ఏం మాటలు నాయనా?” అని ఊరి నుంచి వచ్చినప్పుడు అవ్వ అడిగింది.

ఆ మాటలే కొంచెం ఎక్కువ. రెండోసారి ఆడేటప్పుడు సగం జోకులు దాటేశాను. పదాలతో ఆడే ఇంగ్లిష్ జోకులు సబ్‌టైటిల్స్ చదివినా కొన్ని అందవు. కొన్ని పజిల్స్‌కి తర్కం కన్నా ఓపిక ఎక్కువ కావాలి.

ఇక ఆ ‘పూర్తి’ విషయం. కథ మంచి పట్టులో ఉండగా ‘మిగతాది తర్వాత’ అన్నట్టు ఆపేస్తారు. రెండో భాగం ప్రకటించారు, పేరు కూడా పెట్టారు, రానేలేదు. పోయిన దసరా సెలవుల్లో మా తమ్ముడి కూతురు పక్కన కూర్చుని చివరిదాకా చూసింది. “పెదనాన్నా, ప్యారిస్ ఎప్పుడొస్తుంది?” అంది. “రాదమ్మా” అంటే, నేనే ఎక్కడో తప్పు క్లిక్ చేశానని నా చేతిలో మౌస్ లాక్కుంది.