సెక్కీ డిస్క్ మంచిదే, ముంచింది తాడే

సరస్సు నీటిని పరీక్షించే వాలంటీర్లలో చేరి చాలా కాలమైంది. ఈలోగా మీటర్లు, కిట్లు, రంగు మారే స్ట్రిప్పులు ఎన్నో వచ్చి పోయాయి. పడవ ఎక్కేటప్పుడు నేను ముందు వెతికేది మాత్రం ఇప్పటికీ సెక్కీ డిస్క్‌నే. తాడుకు కట్టి నీటిలోకి దింపితే ఏ లోతులో కనుమరుగవుతుందో చూసి నీరు ఎంత తేటగా ఉందో చెప్పే పళ్లెం ఇది. 1865లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కీ మధ్యధరా సముద్రంలో దింపి చూసిన తెల్ల పళ్లేనికి ఇది మనవడి వరస. దీనికి బ్యాటరీ అక్కర్లేదు, కాలిబ్రేషన్ టెన్షన్ లేదు. ఆక్సిజన్ మీటరుంది చూశారూ, దాని పొర చిరిగిందన్న సంగతి సరస్సు మధ్యలోకి వెళ్లాకే బయటపడుతుంది.

కానీ డిస్క్‌తో పాటు కిట్‌లో వచ్చిన నైలాన్ తాడు మీద నాకు ఇంకా కోపం పోలేదు.

ఒక దశలో మా రీడింగులు నెలనెలా కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చాయి. పడవకు నీడ వైపే దింపుతున్నాం. నల్ల కళ్లద్దాలు తీసేసే చూస్తున్నాం. డిస్క్ కనుమరుగైన లోతుకీ, పైకి లాగితే మళ్లీ కనిపించిన లోతుకీ సగటు వేస్తున్నాం. పద్ధతిలో వంక దొరకలేదు. ఇంకేముంది, నాచు పెరిగిపోతోందని ఒకరు, పొలాల ఎరువు కొట్టుకొస్తోందని ఇంకొకరు, మీటింగు మీటింగుకీ వాదనలే. నాచు ఎంతుందో చెప్పే క్లోరోఫిల్ లెక్క ల్యాబు నుంచి వస్తుంది, అది చూస్తే ఎప్పటిలాగే ఉంది. చివరికి కొత్తగా చేరిన అమ్మాయి ఒక ఫైబర్‌గ్లాస్ టేపు తెచ్చి తడి తాడు పక్కన పరిచింది. మీటరు గుర్తు మీటరు దాటి నాలుగు వేళ్ల అవతల ఉంది! నైలాన్ నీళ్లు పీల్చి సాగుతుంది, కింద బరువు ఎలాగూ లాగుతూనే ఉంటుంది. గుర్తులు ఎడమైతే డిస్క్ నిజంగా దిగిన లోతు కంటే తాడు తక్కువ చూపిస్తుంది. అంటే సరస్సుకు ఏమీ కాలేదు. పాత రీడింగులు సరిచేద్దామంటే ఏ నెలకు ఎంత సాగిందో ఎవరు చెప్పగలరు? వాటి పక్కన 'అనుమానం' అని రాసి వదిలేశాం. కిట్ అమ్మినవాళ్లను అడిగితే "వాడగా వాడగా అలా అవుతుందండీ" అన్నారు. ఆ ముక్క కిట్‌లోని కాగితం మీదే వేస్తే వాళ్ల సొమ్మేం పోయేది?

పోనీ నూలు తాడు కడదామంటే అది తడిస్తే కుంచించుకుపోతుంది. అప్పుడు నీరు ఉన్నదానికన్నా తేటగా ఉన్నట్టు లెక్క వస్తుంది.

డిస్క్‌ను పొగిడాను గానీ, అదీ చెప్పేది చూపు ఎంత లోతుకు పోతోందన్న ఒక్క సంగతే. వాన వెలిశాక కొట్టుకొచ్చిన మట్టికీ, ఎండలకు పెరిగిన నాచుకీ ఒకే అంకె ఇస్తుంది. 1977 నాటి కార్ల్‌సన్ సూచీ (అంకె పెరిగితే సరస్సులో నాచు ఎక్కువని లెక్క) ప్రకారం రెండు మీటర్లంటే 50, ఒక మీటరంటే 60 అని చకచకా వేసేసుకుంటాం. నీటిని మసకబార్చింది నాచే అయితేనే ఆ లెక్కకు అర్థం. ఇక బాక్టీరియా సంగతి డిస్క్‌ను అడగనే కూడదు, తేట నీళ్లలోనూ అది ఉండొచ్చు.

మా సరస్సు లోతైనది, పడవా ఉంది కాబట్టి మాకు ఇది కుదిరింది. లోతు తక్కువైన చోట డిస్క్ అడుగున కూర్చుని కూడా కనిపిస్తూనే ఉంటుంది. అలాంటి చోటికీ, ఒడ్డునుంచే చూసేవాళ్లకూ నీళ్లు పోసి పైనుంచి చూసే, అడుగున నలుపు తెలుపు గుర్తు ఉండే పారదర్శక గొట్టమే నయం. నేనిప్పుడు డిస్క్‌ను ఫైబర్‌గ్లాస్ టేపుకే కట్టి వాడుతున్నాను. గాలి రోజుల్లో అది మెలికలు పడి విసిగిస్తుంది, అయినా మళ్లీ తాడు జోలికి పోలేదు.